లాభం ఉంది, డబ్బేది? సొంత వ్యాపారం లెక్కలు చదువుకునే పద్ధతి

మన దగ్గర చాలామంది వ్యాపారులు తమ బ్యాలెన్స్ షీట్‌ను ఏడాదికి రెండే సార్లు చూస్తారు. సీఏ ఆఫీసు నుంచి సంతకాలకు పిలుపు వచ్చినప్పుడు ఒకసారి, బ్యాంకువాళ్లు ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్, ఒక లిమిట్ దాకా వాడుకోనిచ్చే బ్యాంకు అప్పు) రెన్యువల్‌కు కాగితాలు అడిగినప్పుడు ఇంకోసారి. ఆ రెండుసార్లూ కళ్లు పోయేది ఒక్క అంకె మీదికే, నెట్ ప్రాఫిట్ మీదికి.

తర్వాత వచ్చే ప్రశ్న కూడా ఒకటే. "లాభం 17 లక్షలంటున్నారు సార్, మరి నా ఓడీ ఎందుకు నిండిపోయింది? ఆ డబ్బంతా ఎటు పోయింది?" బేగంబజార్ హోల్‌సేల్ వ్యాపారి అడిగినా, బాలానగర్‌లో లేత్ మిషన్లు నడిపే ఆయన అడిగినా ఇదే. జవాబు మీ ఫైల్లోనే ఉంటుంది. ఏది ముందు చూడాలో, ఏది తర్వాత చూడాలో తెలిస్తే ఒక ఆదివారం పూట సరిపోతుంది. కామర్స్ చదివి ఉండక్కర్లేదు. కూడికలు, తీసివేతలు, శాతాలు వస్తే చాలు.

ఇది ప్రొప్రైటర్‌షిప్, పార్ట్‌నర్‌షిప్ వ్యాపారాల కోసం రాసింది. ప్రైవేట్ లిమిటెడ్ వాళ్లకు వేరుగా ఉండే సంగతులు చివర్లో చెప్తాను.

## 1. కూర్చునే ముందు ఏమేం తెప్పించుకోవాలి

అకౌంటెంట్‌కు రెండు రోజుల ముందే చెప్పి ఇవి ప్రింట్ తీయించండి. ఫోన్‌లో పీడీఎఫ్ చూస్తూ చేసే పని కాదు.

- గత మూడేళ్ల బ్యాలెన్స్ షీట్, ట్రేడింగ్ అండ్ పీ అండ్ ఎల్ అకౌంట్ (లాభనష్టాల లెక్క), వెనకుండే షెడ్యూళ్లతో సహా
- మార్చి 31 నాటికి మనకు రావాల్సిన బాకీలు, పార్టీల వారీగా, ఎన్ని రోజులవో విడగొట్టి
- మనం సప్లయర్లకు ఇవ్వాల్సినవి, అదే పద్ధతిలో
- మార్చి 31 నాటి స్టాక్ లిస్టు, ఐటమ్ వారీగా
- ఆ ఏడాది పన్నెండు నెలల జీఎస్టీఆర్-3బీ (అమ్మకాలు, పన్ను చూపే జీఎస్టీ రిటర్ను)
- ఓడీ, లోన్ ఖాతాల బ్యాంక్ స్టేట్‌మెంట్లు
- బ్యాంకుకు మార్చి నెలకు ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్ కాపీ

రెండో ఐటమ్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో రోజుల వారీ బాకీల రిపోర్టు సరిగ్గా రావాలంటే పార్టీ లెడ్జర్‌లో బిల్ వైజ్ ఆన్ చేసి ఉండాలి. డబ్బు వచ్చినప్పుడల్లా అది ఏ బిల్లుకు వచ్చిందో చూపించాలి. చాలా షాపుల్లో వచ్చిన డబ్బంతా "ఆన్ అకౌంట్" అని కొట్టేస్తారు. అప్పుడు రిపోర్టులో తీరిపోయిన పాత బిల్లు కూడా బాకీగానే కనిపిస్తుంది. మీ దగ్గర ఇదే పరిస్థితి అయితే పెద్ద పార్టీలు ఇరవైమందివైనా ముందు సరిచేయించండి. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

ఒక పొడుగు నోట్‌బుక్ తీసుకొని నాలుగు నిలువు గళ్లు గీయండి. మొదటిదాంట్లో పద్దు పేరు, మిగతా మూడింట్లో మూడేళ్ల అంకెలు. అన్నీ లక్షల్లో రాయండి, పాయింట్ తర్వాత ఒక్క అంకె చాలు. 67,84,312 అని రాస్తే కళ్లు తిరుగుతాయి. 67.8 అని రాస్తే పోలిక కనిపిస్తుంది.

## 2. ఈ లెక్కలు నమ్మదగ్గవేనా?

విశ్లేషణ మొదలుపెట్టే ముందు ఇది తేల్చుకోవాలి. పునాది తప్పుగా ఉంటే తర్వాత వేసే ప్రతి శాతమూ తప్పే.

- నిరుటి క్లోజింగ్ స్టాక్, ఈ ఏడాది ఓపెనింగ్ స్టాక్ ఒకటేనా? క్యాపిటల్ అకౌంట్ కూడా అలాగే కలుస్తోందా?
- పీ అండ్ ఎల్‌లోని అమ్మకాలు, 3బీల్లో చూపిన, పన్ను కలపని అమ్మకాల విలువ మొత్తం కలుస్తున్నాయా? తేడా ఉంటే దానికి కాగితం మీద కారణం ఉందా?
- బ్యాంకు, ఓడీ, లోన్ బ్యాలెన్సులు స్టేట్‌మెంట్‌తో సరిపోతున్నాయా?
- సస్పెన్స్ అకౌంట్ (ఎక్కడ రాయాలో తేలని మొత్తాలు వేసేది) అనే పద్దు ఉందా? ఉంటే అందులో ఏముంది?
- క్యాష్ ఇన్ హ్యాండ్ అని చూపించిన మొత్తం ఆ రోజు నిజంగా గల్లాలో ఉందా?

చివరి ప్రశ్న తేలిగ్గా తీసుకోకండి. కాగితం మీద 9 లక్షల నగదు ఉండి, గల్లాలో 40 వేలే ఉంటే, ఇంటికి తీసుకెళ్లిన డబ్బో చిట్టీ కట్టిన డబ్బో ఎక్కడా రాయలేదని అర్థం.

అన్నిటికన్నా ముఖ్యమైంది క్లోజింగ్ స్టాక్. మార్చి 31న ఎవరైనా నిజంగా లెక్కపెట్టారా? లేక "పోయినేడాది మార్జిన్ ఇంత ఉంది, ఈసారీ అంతే వేద్దాం" అనుకొని వెనక నుంచి స్టాక్ విలువ తేల్చారా? రెండోదే జరిగి ఉంటే సరుకు ఖరీదు పోగా మిగిలే మీ గ్రాస్ మార్జిన్‌ను విశ్లేషించడం వృథా. మీరు పెట్టిన అంకెనే మళ్లీ మీరే చదువుకుంటున్నట్టు. అలాంటప్పుడు పీ అండ్ ఎల్ వదిలేసి బాకీల పని మాత్రం చేయండి. వచ్చే మార్చికి స్టాక్ లెక్కపెట్టించే ఏర్పాటు చూసుకోండి.

## 3. ఒక ఉదాహరణ దగ్గర పెట్టుకుందాం

రాణిగంజ్‌లో పంపులు, పైపు ఫిట్టింగ్స్ అమ్మే ఒక ప్రొప్రైటర్ షాపు అనుకుందాం. అంకెలు కల్పితం, పోకడ మాత్రం రోజూ కనిపించేదే. అన్నీ లక్షల్లో.

| పద్దు | 2023-24 | 2024-25 |
|---|---|---|
| అమ్మకాలు | 240 | 300 |
| అమ్మిన సరుకు ఖరీదు | 192 | 243 |
| గ్రాస్ ప్రాఫిట్ | 48 | 57 |
| అద్దె | 7.2 | 7.8 |
| జీతాలు | 12 | 14 |
| డెలివరీ రవాణా | 4 | 5.4 |
| కరెంటు, ఫోను, ఇతరాలు | 5.3 | 6.3 |
| వడ్డీ | 3.5 | 4.9 |
| డిప్రిసియేషన్ (వ్యాన్, ఫర్నిచర్ అరుగుదల) | 1 | 1.6 |
| నెట్ ప్రాఫిట్ | 15 | 17 |

మార్చి 31 నాటి బ్యాలెన్స్ షీట్:

| పద్దు | 2024 | 2025 |
|---|---|---|
| సొంత క్యాపిటల్ | 42 | 47 |
| ఓడీ | 35 | 50 |
| వ్యాన్ లోన్ | 0 | 4 |
| సప్లయర్లకు ఇవ్వాల్సింది | 27 | 51 |
| ఇతర చెల్లింపులు | 2 | 3 |
| మొత్తం | 106 | 155 |
| ఫర్నిచర్, వ్యాన్ వగైరా | 9 | 12 |
| షాపు అడ్వాన్సు | 4 | 4 |
| స్టాక్ | 45 | 66 |
| రావాల్సిన బాకీలు | 40 | 68 |
| జీఎస్టీ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన, ఇంకా వాడుకోని పన్ను) | 2 | 3 |
| నగదు, బ్యాంకు | 6 | 2 |
| మొత్తం | 106 | 155 |

2024-25లో కొన్న సరుకు 264 లక్షలు, అంతకుముందు ఏడాది 199 లక్షలు. ఈ రెండు అంకెలూ తర్వాత పనికొస్తాయి.

## 4. ముందు బ్యాలెన్స్ షీట్, తర్వాతే లాభనష్టాలు

అందరూ పీ అండ్ ఎల్‌తో మొదలుపెడతారు. నా సలహా దానికి తలకిందులు. లాభం ఎంతో తెలిశాక మనసు అక్కడే ఉండిపోతుంది, మిగతా కాగితం మీద ధ్యాస నిలవదు.

బ్యాలెన్స్ షీట్‌లో ఒకవైపు ఈ వ్యాపారంలో ఎవరెవరి డబ్బు ఉందో ఉంటుంది. ఇంకోవైపు ఆ డబ్బు ఏ రూపంలో ఉందో ఉంటుంది. రెండేళ్ల అంకెల మధ్య తేడా మాత్రమే తీసి రాయండి.

రాణిగంజ్ షాపులో మొత్తం 49 లక్షలు పెరిగింది. అది ఏ రూపంలో ఉంది? బాకీల్లో 28, స్టాక్‌లో 21, వ్యాన్ వగైరాల్లో 3, జీఎస్టీ క్రెడిట్‌లో 1. నగదు మాత్రం 4 తగ్గింది.

ఎవరి డబ్బు? సప్లయర్లది 24, బ్యాంకు ఓడీ 15, వ్యాన్ లోన్ 4, ఇతరాలు 1. యజమాని సొంత డబ్బు పెరిగింది 5 మాత్రమే. లాభం 17 వచ్చినా ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు, ఇన్‌కమ్ ట్యాక్స్, ఎల్ఐసీ కలిపి 12 డ్రాయింగ్స్ కింద బయటికి పోయాయి.

మొదట్లో అడిగిన ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది. లాభం కస్టమర్ల దగ్గర, గోడౌన్‌లో ఉంది. అది చాలక పరాయి డబ్బు కూడా అక్కడికే పోయింది.

## 5. ఉద్దెర ఎన్ని రోజులది?

ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. హైదరాబాద్ హోల్‌సేల్ వ్యాపారాల్లో డబ్బు ఇరుక్కునేది ముందుగా ఇక్కడే.

బాకీలను రోజుల్లోకి మార్చాలి. బాకీని ఏడాది అమ్మకాలతో భాగించి 365తో గుణిస్తే రోజులు వస్తాయి. ఇందులో ఒక మెలిక ఉంది. పీ అండ్ ఎల్‌లోని అమ్మకాల్లో జీఎస్టీ ఉండదు, పార్టీ ఇవ్వాల్సిన బాకీలో ఉంటుంది. రెండింటినీ అలాగే భాగిస్తే రోజులు ఉన్నదానికన్నా ఎక్కువ వస్తాయి. అందుకే అమ్మకాలకు ముందు జీఎస్టీ కలపండి.

సరుకంతా 18 శాతం పన్నుది అనుకుంటే 300 లక్షలు 354 అవుతుంది. 68ని 354తో భాగించి 365తో గుణిస్తే 70 రోజులు. పోయినేడాది ఇదే లెక్క 52 రోజులు. అంటే డబ్బు 18 రోజులు ఆలస్యంగా వస్తోంది. జీఎస్టీతో కలిపి ఈ షాపు రోజు అమ్మకం దాదాపు 97 వేలు. పద్దెనిమిది రోజులంటే సుమారు 17.5 లక్షలు. ఓడీ పెరిగింది 15 లక్షలు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి చూడండి, ఇంక ఎవరూ వివరించక్కర్లేదు.

కౌంటర్ మీద నగదు అమ్మకాలు ఎక్కువుంటే వాటిని తీసేసి ఉద్దెర అమ్మకాలతో మాత్రమే భాగించాలి. లేదంటే నగదు గిరాకీ చాటున మొండి బాకీలు దాక్కుంటాయి.

ఇప్పుడు రోజుల వారీ లిస్టు తీయండి. మన షాపుది ఇలా ఉందనుకుందాం:

- 30 రోజుల్లోపు: 22
- 31 నుంచి 60: 16
- 61 నుంచి 90: 9
- 90 దాటినవి: 21

ఆ 21 లక్షలు ఎవరెవరివో పేర్లు రాయండి. సాధారణంగా ముగ్గురు నలుగురి దగ్గరే మూడొంతులు ఉంటుంది. "మంచి పార్టీ సార్, ఎక్కడికీ పోడు" అనే మాట ఈ పేర్ల పక్కనే ఎక్కువగా వినిపిస్తుంది. పార్టీ మంచోడే కావచ్చు. కానీ ఓడీ వడ్డీ మీరు కడుతున్నారు, ఆయన కాదు.

90 దాటిన ప్రతి పేరుకూ వరుసగా ఇవి చేయండి:

1. బాకీ ఇంత అని ఆయన సంతకంతో, తేదీతో కన్ఫర్మేషన్ తీసుకోండి. బాకీ వసూలు దావాకు గడువు సాధారణంగా మూడేళ్లు. ఆ గడువు లోపల రాతపూర్వకంగా బాకీ ఒప్పుకుంటే అక్కడి నుంచి కొత్త గడువు మొదలవుతుంది.
2. కొత్త సరుకు నగదుకే ఇవ్వండి. కొంతైనా పాతది కట్టాకే ఉద్దెర.
3. వాయిదాలు ఒప్పుకుంటే తేదీలు రాసుకోండి, "చూద్దాం" అంటే ఒప్పుకోవద్దు.
4. వచ్చే ఆశ నిజంగా లేకపోతే బ్యాడ్ డెట్‌గా రాసేయమని సీఏతో మాట్లాడండి. రానిదాన్ని ఆస్తిగా చూపిస్తూ పోతే మోసపోయేది మీరే.

ఇంకో సంగతి. బ్యాంకులు డ్రాయింగ్ పవర్ (స్టాక్, బాకీలను బట్టి ఓడీలో ఎంత వాడుకోవచ్చో) లెక్కేసేటప్పుడు సాధారణంగా 90 రోజులు దాటిన బాకీలను పక్కన పెడతాయి. అంటే ఆ 21 లక్షల మీద మీకు లిమిట్ కూడా దొరకదు.

## 6. సప్లయర్ల బాకీ, స్టాకు

సప్లయర్ల లెక్క కూడా అదే పద్ధతి. కొనుగోళ్లకు జీఎస్టీ కలిపి భాగించండి. ఈ షాపులో 42 రోజుల నుంచి 60 రోజులకు జరిగింది. చేతిలో డబ్బు లేక జరిగిందే తప్ప, సప్లయర్లు సంతోషంగా ఇచ్చిన గడువు కాదు.

ఇక్కడ రెండు రూల్స్ గుర్తుంచుకోండి. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సప్లయర్‌కు డబ్బు కట్టకపోతే ఆ బిల్లు మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. రెండోది, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకో సర్వీస్ ఇచ్చేవాళ్లకో ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. అలా కట్టకుండా మార్చి 31 దాటితే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయం లోంచి తగ్గించుకోనివ్వరు, కట్టిన ఏడాదే ఒప్పుకుంటారు. 2023-24 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. జీడిమెట్లలోనో చర్లపల్లిలోనో చిన్న యూనిట్ల దగ్గర సరుకు తెచ్చుకునే వాళ్లు మార్చి మొదటివారంలోనే ఈ లిస్టు తీయాలి.

స్టాక్ రోజులకు అమ్మిన సరుకు ఖరీదుతో భాగించాలి, అమ్మకాలతో కాదు. 66ని 243తో భాగించి 365తో గుణిస్తే 99 రోజులు. నిరుడు 86. ఐటమ్ లిస్టు తీసుకొని ఏడాదిగా కదలనివాటికి ఎర్ర పెన్నుతో గీత పెట్టండి.

స్టాక్‌ను కొన్న ధర, ఇప్పుడు అమ్మితే వచ్చే ధర, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అది వేయాలి. పాత మోడల్ పంపులకు 9 లక్షలు వేసి, అవి అమ్మితే 5 లక్షలే వచ్చేట్టుంటే, మీ 17 లక్షల లాభం నిజానికి 13. స్టాక్ విలువ ఒక్క రూపాయి పెంచితే లాభం సరిగ్గా ఒక్క రూపాయి పెరుగుతుంది. లాభం పెంచి చూపాలనుకున్నప్పుడు చెయ్యి ముందు ఇక్కడే పడుతుంది. బ్యాంకు అధికారులకు ఇది తెలుసు కాబట్టే మార్చి స్టాక్ స్టేట్‌మెంట్‌నూ బ్యాలెన్స్ షీట్‌నూ పక్కపక్కన పెట్టి చూస్తారు. మీరు కూడా చూడండి.

బట్టల వ్యాపారులు, లాడ్ బజార్ గాజుల షాపులవాళ్లు మాత్రం రెండేళ్ల స్టాక్ పోల్చేటప్పుడు పండుగ తేదీలు చూసుకోవాలి. 2024లో రంజాన్ పండుగ ఏప్రిల్ 11న వచ్చింది. మార్చి 31 నాటికి షాపులు నిండుగా ఉన్నాయి. 2025లో పండుగ మార్చి 31నే. అప్పటికి సరుకు చాలావరకు అమ్ముడైపోయింది. ఈ తేడాను "స్టాక్ బాగా తగ్గించాం" అని చదువుకుంటే పొరపాటే. ఇలాంటి వ్యాపారాలకు నెలాఖరు స్టాకుల సగటు తీసుకోవడం మేలు.

మూడు అంకెలూ కలపండి. స్టాక్ 99, ఉద్దెర 70, అందులోంచి సప్లయర్ 60 తీసేస్తే 109 రోజులు. సప్లయర్‌కు డబ్బు కట్టినప్పటి నుంచి అది తిరిగి చేతికి రావడానికి పడుతున్న సమయం ఇది. నిరుడు 96. షాపుల్లో రొటేషన్ అని మాట్లాడుకునేది దీని గురించే.

## 7. ఇప్పుడు లాభనష్టాలు, పైనుంచి కిందికి

ప్రతి పద్దు పక్కనా అమ్మకాల్లో అది ఎంత శాతమో రాయండి. రూపాయలు ఎప్పుడూ పెరుగుతూనే ఉంటాయి, శాతం మారితేనే ఆగాలి.

గ్రాస్ మార్జిన్ 20 నుంచి 19కి వచ్చింది. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. 300 లక్షల మీద ఒక శాతం 3 లక్షలు. కారణం వెతకాల్సిన చోట్లు ఇవి:

- కంపెనీ రేటు పెంచింది, మనం పాత రేటుకే అమ్మాం
- పెద్ద కాంట్రాక్టర్లకు డిస్కౌంట్ పెరిగింది
- తక్కువ మార్జిన్ ఐటమ్స్ ఎక్కువ అమ్ముడుపోయాయి
- సరుకు తెచ్చుకున్న లారీ కిరాయి ఒక ఏడాది కొనుగోళ్లలో, ఇంకో ఏడాది ఖర్చుల్లో రాశారు
- సరుకు పోయింది, లేదా బిల్లు లేకుండా బయటికి వెళ్లింది

ఎక్కువ అమ్ముడయ్యే ఇరవై ఐటమ్స్‌కు కొన్న రేటు, అమ్మిన రేటు ఇప్పుడూ అప్పుడూ రాసి చూస్తే మొదటి మూడూ తేలిపోతాయి.

డిస్కౌంట్ గురించి ఒక లెక్క. 100కి అమ్మే సరుకు మీకు 80కి పడుతోంది. 5 రూపాయలు తగ్గిస్తే మిగిలేది 20 కాదు, 15. పాత లాభమే రావాలంటే మూడో వంతు సరుకు అదనంగా అమ్మాలి. "అయిదు శాతమే కదా" అని కౌంటర్ మీద కుర్రాడు ఒప్పుకునే ముందు ఈ లెక్క వాడికీ తెలియాలి.

తర్వాత ఖర్చులు. అమ్మకాలతో పాటు పెరిగేవి ఒక గుంపు, షాపు మూసి ఉన్నా తప్పనివి ఇంకో గుంపు. ఇక్కడ డెలివరీ రవాణా 5.4 మొదటి గుంపు, అమ్మకాల్లో 1.8 శాతం. మిగతా 34.6 రెండోది. మార్జిన్ 19 లోంచి 1.8 తీస్తే 17.2 శాతం. 34.6ను 17.2తో భాగించి 100తో గుణిస్తే 201 లక్షలు. నెలకు దాదాపు 17 లక్షలు అమ్మితే లాభం లేదు, నష్టం లేదు. ఈ అంకె గల్లా దగ్గర రాసి పెట్టుకోదగ్గది.

చివరికి నెట్ ప్రాఫిట్. ప్రొప్రైటర్ లెక్కల్లో యజమాని జీతం ఖర్చుగా ఉండదు. పొద్దున తొమ్మిదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చున్న మీ కష్టానికి నెలకు 50 వేలు వేసుకుంటే ఏడాదికి 6 లక్షలు. మిగిలింది 11. సొంత క్యాపిటల్ 47 లక్షలు బ్యాంకులో వేస్తే 7 శాతం చొప్పున 3.3 వచ్చేది. అదీ తీసేస్తే వ్యాపారం నిజంగా సంపాదించింది 7.7. సొంత మడిగెలో షాపు పెట్టుకున్నవాళ్లు రాని అద్దె కూడా తీసేయాలి. ఆ తర్వాత ఏమైనా మిగిలిందా అన్నది కొందరికి చేదుగా ఉంటుంది. రెండో బ్రాంచి పెట్టాలనుకునేవాళ్లు మాత్రం తప్పకుండా ఈ లెక్క వేసుకోవాలి. అక్కడ మీ బదులు జీతానికి మనిషి కూర్చుంటాడు, కొత్త అద్దె కట్టాలి.

## 8. డబ్బు ఎటు పోయిందో ఒక కాగితం మీద

క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ మీకు ఎవరూ ఇవ్వకపోవచ్చు. మీరే వేసుకోండి, ఇది పది నిమిషాల పని.

1. లాభం 17. డిప్రిసియేషన్‌కు డబ్బు బయటికి పోదు కాబట్టి 1.6 కలపండి. 18.6.
2. స్టాక్ పెరిగింది 21, బాకీలు 28, జీఎస్టీ క్రెడిట్ 1. ఈ 50 తీసేయండి. మైనస్ 31.4.
3. సప్లయర్ల బాకీ 24, ఇతర చెల్లింపులు 1 పెరిగాయి. కలపండి. మైనస్ 6.4.
4. వ్యాన్ కొన్నది 4.6, ఇంటికి తీసుకున్నది 12. తీసేయండి. మైనస్ 23.
5. ఓడీ 15, వ్యాన్ లోన్ 4 కలపండి. మైనస్ 4.

నగదు 6 నుంచి 2కి తగ్గింది, అంటే సరిగ్గా 4. లెక్క కుదిరింది. కుదరకపోతే ఏదో పద్దు వదిలేశారు, మళ్లీ చూడండి.

మూడో మెట్టు దగ్గర ఆగి చదవండి. 17 లక్షల లాభం చూపిన వ్యాపారం, రోజువారీ నడకలో 6.4 లక్షలు తినేసింది. ఒక ఏడాది ఇలా ఉంటే ఎదుగుదల ఖర్చు అనుకోవచ్చు. వరుసగా రెండేళ్లు మైనస్ వస్తే టెన్షన్ పడాల్సిందే.

## 9. బ్యాంకు ఏం చూస్తుంది?

కరెంట్ రేషియో: ఏడాదిలో డబ్బుగా మారేవాటిని ఏడాదిలో కట్టాల్సినవాటితో భాగించాలి. షాపు అడ్వాన్సు ఇందులో రాదు. మన షాపులో 139ని 104తో భాగిస్తే 1.34. వ్యాన్ లోన్‌లో ఈ ఏడాది కట్టాల్సిన వాయిదాలు లక్ష అనుకొని కలిపితే 1.32. నిరుడు 1.45. వర్కింగ్ క్యాపిటల్ లోన్లకు బ్యాంకులు మామూలుగా 1.33 ఆశిస్తాయి. చూశారుగా, అమ్మకాలు 25 శాతం పెరిగిన ఏడాదే రెన్యువల్ దగ్గర ప్రశ్నలు ఎదురవుతాయి.

బయటి అప్పుకూ సొంత డబ్బుకూ నిష్పత్తి: 108ని 47తో భాగిస్తే 2.3. నిరుడు 1.5. ఇది 3కి దగ్గరైతే మేనేజర్ కుర్చీలో సర్దుకు కూర్చుంటారు.

టర్మ్ లోన్ (వాయిదాల్లో తీర్చే అప్పు) ఉన్నవాళ్లకు లాభం, డిప్రిసియేషన్, లోన్ వడ్డీ కలిపిన మొత్తం, ఏడాదిలో కట్టాల్సిన అసలు, వడ్డీలకు కనీసం ఒకటింపావు రెట్లన్నా ఉందా అన్నది చూసుకోవాలి.

## 10. తరచూ దొర్లే తప్పులు, సరిచేసే తీరు

ఈఎంఐ మొత్తాన్ని ఖర్చుగా చూడటం. వడ్డీ మాత్రమే ఖర్చు. అసలు కట్టడం అంటే అప్పు తగ్గడం. బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ తెచ్చి విడగొట్టించండి.

చిట్టీ ఎత్తిన డబ్బును ఆదాయమనుకోవడం. పాట పాడి తెచ్చుకున్న డబ్బు ముందు మీరు కట్టినదీ, ఇకముందు కట్టాల్సినదీ. వాయిదాలు కూడా ఖర్చు కావు. వ్యాపారం డబ్బుతో కడుతుంటే చిట్టీకి విడిగా ఒక లెడ్జర్ ఉండాలి. పాటలో వదులుకున్నదే మీకు పడిన భారం.

ఇంటి ఖర్చులు షాపు ఖర్చుల్లో రాయడం. పన్ను కోణం సంగతి సరే, అసలు షాపు ఎంత ఖర్చుతో నడుస్తోందో మీకే తెలియకుండా పోతుంది. డ్రాయింగ్స్‌కు మార్చండి.

వన్‌టైమ్ ఆదాయం కలిసిపోవడం. పాత బండి అమ్మిన లాభం, ఎఫ్‌డీ వడ్డీ తీసేసి వ్యాపార లాభం మాత్రమే పోల్చండి.

చేబదుళ్లు కనిపించకపోవడం. బావమరిదికి ఇచ్చిన 6 లక్షలు "లోన్స్ అండ్ అడ్వాన్సెస్" కింద ఏళ్ల తరబడి ఉంటాయి. కరెంట్ రేషియో వేసేటప్పుడు ఇవి తీసేసి వేయండి. బ్యాంకు ఎలాగూ తీసేస్తుంది.

## 11. సీఏ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు

ట్యాక్స్ ఆడిట్ గడువు మామూలుగా సెప్టెంబరు 30. చివరి వారంలో వెళ్తే ఆయనకు ఊపిరాడదు, మీకు జవాబులు రావు. జూలైలోనే టైమ్ అడగండి. ఇవి రాసుకొని వెళ్లండి:

- క్లోజింగ్ స్టాక్ విలువ ఎవరిచ్చారు సార్, ఏ పద్ధతిలో?
- 90 రోజులు దాటిన బాకీల్లో ఏవి రాసేయొచ్చు?
- జీఎస్టీ అమ్మకాలకూ మన అమ్మకాలకూ తేడా ఉందా?
- ఏ సప్లయర్ల బిల్లులు 45 రోజుల రూల్ కిందికి వస్తాయి?
- వచ్చే ఏడాది లిమిట్ పెంచమంటే ఈ షీట్ చూసి బ్యాంకు ఏమంటుంది?

ఏడాదికోసారి చదివితే అన్నీ జరిగిపోయాకే తెలుస్తాయి. అందుకే ప్రతి నెలా పదో తేదీలోపు అకౌంటెంట్ నుంచి అయిదు అంకెలు వాట్సాప్‌లో తెప్పించుకోండి: నెల అమ్మకం, గ్రాస్ మార్జిన్ శాతం, మొత్తం బాకీ, అందులో 90 దాటింది, ఓడీలో ఇంకా వాడని మొత్తం. స్టాక్ ప్రతి నెలా లెక్కపెట్టలేకపోతే మార్జిన్ అంకెను మూడు నెలలకోసారి చూడండి.

## 12. ప్రైవేట్ లిమిటెడ్ అయితే, ఎదుటివాళ్ల లెక్కలు చదవాలంటే

కంపెనీల బ్యాలెన్స్ షీట్ 2013 కంపెనీల చట్టం షెడ్యూల్ 3 పద్ధతిలో ఉంటుంది. పై పేజీలో అంకెలు ముద్దగా ఉంటాయి, అసలు విషయం నోట్స్‌లో ఉంటుంది. 2021 ఏప్రిల్ నుంచి రావాల్సిన, ఇవ్వాల్సిన బాకీల వయసు పట్టిక కూడా అందులో ఇవ్వాలి. డైరెక్టర్ జీతం ఖర్చులో ఉంటుంది కాబట్టి ప్రొప్రైటర్ లాభంతో నేరుగా పోల్చకండి. చిన్న కంపెనీలకు క్యాష్ ఫ్లో తప్పనిసరి కాదు, పైన ఎనిమిదో భాగంలో చెప్పిన లెక్క మీరే వేసుకోవాలి. ఆడిటర్ రిపోర్టులో "క్వాలిఫైడ్" (ఆడిటర్‌కు ఏదో అభ్యంతరం ఉందని) అన్న మాట ఉంటే ఆ పేరా మొత్తం చదివాకే ముందుకు వెళ్లండి.

ఈ చదువు ఇంకో చోట కూడా పనికొస్తుంది. ఒక కొత్త ప్రైవేట్ లిమిటెడ్ పార్టీ 20 లక్షల ఉద్దెర అడిగిందనుకోండి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో ఫీజు కట్టి ఆ కంపెనీ ఫైల్ చేసిన బ్యాలెన్స్ షీట్ చూడొచ్చు. దాని ఆస్తుల మీద ఏ బ్యాంకు ఛార్జ్ (అప్పుకు హామీగా ఉన్న హక్కు) ఉందో కూడా అక్కడే తెలుస్తుంది. ముందు వాళ్ల సప్లయర్ల బాకీ రోజులు లెక్కేయండి. అది 120 అని వస్తే, మీరిచ్చే 30 రోజుల గడువును వాళ్లు పాటిస్తారని అనుకోకండి. ప్రొప్రైటర్ పార్టీ అయితే బ్యాలెన్స్ షీట్ దొరకదు. జీఎస్టీ పోర్టల్‌లో వాళ్ల నంబరు కొట్టి, గత కొన్ని నెలల రిటర్నులు ఏ తేదీన వేశారో చూడండి. దానికి ఫీజు కూడా లేదు. మూడు నెలలుగా 3బీ వేయని పార్టీకి సరుకు నగదుకే.